క్రోమోజోమ్ కొసలు, కణం వయసు

(హైదరాబాదు చిక్కడపల్లిలో ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత జీవశాస్త్ర ఉపన్యాసకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ విషయం మీద మాట్లాడతానని ఒప్పుకోవడానికి కారణం ఒక కాగితం. నల్లకుంటలో మా పక్క వాటాలో ఉండే పెద్దమనిషి ఒకరు, ఉద్యోగ విరమణ చేసి మూడేళ్ళయినవారు, కొన్ని నెలల కిందట ఒక రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రక్తం తీసుకుని టెలోమియర్లు, అంటే కణాల్లోని క్రోమోజోముల కొసలు, కొలిచి ఇచ్చిన రిపోర్టు అది. ఆయన అసలు వయసు 64 అనీ, కణాల వయసు 73 అనీ రంగుల బొమ్మతో సహా అచ్చువేసి ఉంది. దాని కిందనే, ఆ తేడాను తగ్గించే మాత్రల డబ్బా ఒకటి, దాని ధరతో సహా ఉంది. "మాస్టారూ, ఈ తొమ్మిదేళ్ళూ ఎక్కడ ఖర్చు చేశానంటారు?" అని ఆయన అడిగారు. ఆ పూట టీ ఇచ్చి పంపాను గానీ జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే దానికి జవాబు చెప్పాలంటే గంటసేపు పడుతుంది, ఆయన కూరగాయల సంచితో నిలబడి ఉన్నారు. ఆ గంట ఈ రోజు మీ దగ్గర తీసుకుంటున్నాను.

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క పొడవైన డీఎన్ఏ దారం, అంటే ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాల వరుసతో, జంటగా అల్లుకున్న రెండు పోగులు. దారం అన్నాక రెండు కొసలు ఉంటాయి కాబట్టి ఒక్కో కణంలో మొత్తం 92 కొసలు. కొస అనేది ఎప్పుడూ ఇబ్బందికరమైన చోటే. కొత్త చీర కొన్నాక ఫాల్, పీకో చేయించి, కొంగుకు కుచ్చులు ముడి వేయించకుండా ఎవరూ కట్టరు, కడితే నాలుగు ఉతుకుల్లో పోగులు ఊడి వస్తాయి. క్రోమోజోమ్ కొసలకు అంతకంటే పెద్ద చిక్కు ఉంది. కణంలో డీఎన్ఏ ఎక్కడైనా తెగితే, ఆ తెగిన కొసలను వెతికి పట్టుకుని అతికించే మరమ్మతు బృందం ఒకటి నిరంతరం తిరుగుతూ ఉంటుంది. తెగడం వల్ల ఏర్పడిన కొస ఏది, పుట్టుకతో ఉన్న కొస ఏది అని ఆ బృందానికి తేడా తెలియకపోతే, అది మంచి క్రోమోజోములను కూడా ఒకదానికొకటి అతికించేస్తుంది. అలా అతుక్కున్న క్రోమోజోములు కణం విభజన చెందేటప్పుడు రెండు వైపులా లాగబడి, మళ్ళీ ఎక్కడో తెగి, మళ్ళీ అతుక్కుని, చివరికి కణాన్ని ధ్వంసం చేస్తాయి. అమెరికాలో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న కణాల్లో ఈ వరుసను కళ్ళారా చూశారు. ఎక్స్‌కిరణాలతో ఈగల క్రోమోజోములను తెంచి చూసిన హెర్మన్ ముల్లర్, సహజమైన కొసలకు ఏదో ప్రత్యేకమైన రక్షణ ఉన్నదని గ్రహించి, 1938లో వాటికి టెలోమియర్లు అని పేరు పెట్టారు. గ్రీకులో టెలోస్ అంటే కొస, మెరోస్ అంటే భాగం. పేరులో గొప్ప రహస్యమేమీ లేదు.

ఆ కొసల్లో ఏముందో తెలియడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. మనిషిలో అయితే టి-టి-ఎ-జి-జి-జి అనే ఆరు అక్షరాల ముక్క వేలసార్లు వరుసగా వస్తుంది. పుట్టినప్పుడు ఒక్కో కొసలో ఇలాంటి అక్షరాలు సుమారు 10,000 నుంచి 15,000 దాకా ఉంటాయి. అందులో ఏ ప్రోటీనుకూ సంకేతం లేదు. చిట్టచివర ఒక పోగు రెండోదానికంటే కాస్త పొడవుగా బయటికి వేలాడుతుంది. ఆ వేలాడే పోగు వెనక్కి మడతపడి, జంట పోగుల మధ్యలోకి దూరి, ఉచ్చులా ముడిపడుతుంది. ఆ ముడి విడిపోకుండా షెల్టరిన్ అనే ఆరు ప్రోటీన్ల కూటమి కాపలా కాస్తుంది. ముడి వేసి ఉన్నంతకాలం మరమ్మతు బృందానికి అక్కడ కొస ఉన్నట్టే కనిపించదు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. ఇలా ఒకే ముక్క పదే పదే వచ్చే డీఎన్ఏను ఒకప్పుడు చెత్త కింద జమకట్టేవారు. ఇక్కడికి నాలుగైదు మైళ్ళ దూరంలో, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో, లాల్జీ సింగ్ గారు కట్లపాము జాతి నుంచి తీసిన అలాంటి పునరుక్తి డీఎన్ఏ ముక్కతోనే మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి బాట వేశారు. తండ్రి ఎవరో, నేరస్థుడు ఎవరో కోర్టులో తేల్చడానికి పనికొచ్చింది ఆ 'చెత్తే'. టెలోమియరులో అది కణం ప్రాణాన్నే కాపాడుతోంది.

ఇప్పుడు వయసు దగ్గరికి వద్దాం. 1912లో న్యూయార్కులో అలెక్సిస్ కారెల్ ఒక కోడిపిండం గుండె నుంచి చిన్న ముక్క తీసి గాజు పాత్రలో పెంచడం మొదలుపెట్టారు. ఆ కణాలు 1946 దాకా, ఆయన చనిపోయిన తర్వాత కూడా, విభజన చెందుతూనే ఉన్నాయని ప్రకటించారు. కోడి బతికేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం దాని గుండె కణాలు బతికాయన్న మాట. కారెల్‌కు 1912లోనే నోబెల్ బహుమతి కూడా వచ్చింది (రక్తనాళాలు కుట్టే పద్ధతికి). అంతటివారి మాటను ఎవరు కాదంటారు? శరీరంలో ఉన్నప్పుడే కణాలు ముసలివవుతాయి, విడిగా వదిలితే అవి అమరం అన్న నమ్మకం దాదాపు అర్ధ శతాబ్దం పాఠ్యపుస్తకాల్లో ఉండిపోయింది. కణాలకు ఆహారంగా పోసిన పిండరసంలోనే కొత్త కణాలు కొన్ని ప్రతిసారీ వచ్చి చేరి ఉంటాయన్నది తర్వాతివారు చెప్పిన సమాధానం. తోడు పెట్టిన కుండలో పాత పెరుగు చావలేదని మురిసిపోయినట్టు, రోజూ కొత్త పాలు పోస్తున్న సంగతి మరచిపోయి.

1961లో ఫిలడెల్ఫియాలో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే ఇద్దరు, మనిషి పిండం నుంచి తీసిన కణాలు సుమారు 50 సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతాయని చూపించారు. కణాల్లో తప్పు లేదు, వాటిని పెంచే చేతుల్లో తప్పుందని కొందరు అన్నారు. దానికి హేఫ్లిక్ చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం. నలభై సార్లు రెట్టింపయిన మగ కణాలనూ, పది సార్లే రెట్టింపయిన ఆడ కణాలనూ ఒకే పాత్రలో కలిపి పెంచారు. ఆడా మగా తేడా క్రోమోజోములు చూస్తే తెలిసిపోతుంది కదా. విడిగా పెంచుతున్న మగ కణాలు ఆగిపోయిన సమయానికి, కలిపి పెంచిన పాత్రలో చూస్తే మిగిలినవి ఆడ కణాలే. పాత్ర ఒకటే, ఆహారం ఒకటే, చేతులు అవే, అయినా దేని లెక్క దానిదే. ఇంకో విచిత్రం, ముప్పయ్యో విభజన దగ్గర వాటిని గడ్డకట్టించి దాచి, తర్వాత కరిగించి పెంచితే, మిగిలిన ఇరవై మాత్రమే పూర్తి చేసి ఆగుతాయి. అంటే అవి లెక్కపెడుతున్నది క్యాలెండరును కాదు, విభజనలను.

దీన్ని నా కళ్ళతో చూసే భాగ్యం కలిగింది. చదువుకునే రోజుల్లో, ఈ నగరంలోనే ఒక ప్రయోగశాలలో, చర్మం కింది పొర నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టు కణాలను నేను పెంచేవాడిని. అరచేతిలో పట్టే ఫ్లాస్కు, అడుగున గులాబీరంగు ద్రవం, 37 డిగ్రీల వెచ్చదనం. అడుగంతా కణాలతో నిండిపోగానే ట్రిప్సిన్ పోసి వాటిని విడదీసి, సగం ఒక ఫ్లాస్కులో, సగం మరో ఫ్లాస్కులో వేయాలి. మూత మీద నంబరు ఒకటి పెంచి రాయాలి. లేత కణాలు సూక్ష్మదర్శినిలో కండెల్లా సన్నగా, చెరువులో చేపపిల్లల గుంపు ఒక వాటంగా తిరిగినట్టు సుడులుగా కనిపించేవి. మూడు రోజులకొకసారి నిండే ఫ్లాస్కు, నంబరు నలభై దాటాక వారానికి గానీ నిండేది కాదు. ఆ తర్వాత ఒకనాటికి నిండడమే మానేసింది. కణాలు చచ్చిపోలేదు. పెనం మీద పోసిన దోసెల్లా పలచగా, వెడల్పుగా పరచుకుని, లోపల ఏవో నలుసులతో, నెలల తరబడి అలాగే ఉండిపోయాయి. తింటున్నాయి, ద్రవం రంగు మారుతోంది, విభజన మాత్రం లేదు. ఆ ఫ్లాస్కు పక్కనే, అదే ఇంక్యుబేటరులో, హీలా కణాల ఫ్లాస్కు ఉండేది. హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి 1951లో తీసిన కణాల సంతతి అవి. వాటికి నంబరు రాసే అలవాటే లేదు. వారానికి రెండుసార్లు విడదీయకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. హీలా ఫ్లాస్కు మూత తీసిన చేత్తో ఇంకో ఫ్లాస్కు ముట్టుకుంటే మా గురువుగారు ఊరుకునేవారు కాదు. ఒక్క చుక్క అందులో పడితే చాలు, నెల తిరిగేసరికి ఆ ఫ్లాస్కు నిండా హీలాయే. ఈ రెండు ఫ్లాస్కులనూ కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

లెక్కపెడుతున్నది ఏమిటి? దీనికి సమాధానం డీఎన్ఏ నకలు తీసుకునే పద్ధతిలోనే ఉంది. నకలు తీసే ఎంజైమ్ ఒకే దిశలో నడుస్తుంది, పైగా శూన్యంలోంచి మొదలుపెట్టలేదు. ముందుగా డీఎన్ఏకు దగ్గరి చుట్టమైన ఆర్ఎన్ఏ ముక్క చిన్నది ఒకటి, దాన్ని ప్రైమర్ అంటాం, అక్కడ అతికి ఉండాలి. దాన్ని ఆనుకునే అది పని మొదలుపెడుతుంది. పని పూర్తయ్యాక ఆ ప్రైమర్లను తీసేసి ఖాళీలను పూడుస్తారు. మధ్యలో ఉన్న ఖాళీ పూడుతుంది గానీ, చిట్టచివరి ప్రైమర్ తీసిన ఖాళీ పూడదు, ఎందుకంటే దానికి వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. పేడతో ఇల్లలికే మా అమ్మమ్మ గదిలో ఒక మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ వచ్చేది. గుమ్మం ఉంది కాబట్టి సరిపోయేది. గుమ్మమే లేని గది అయితే తను నిలబడిన అడుగు మేర ఎప్పటికీ అలకలేదు కదా. అదే తులసికోట చుట్టూ అలికేటప్పుడు ఈ చిక్కు లేదు, తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆ జాగా కూడా అలికేయవచ్చు. చాలా బాక్టీరియాలకు గుండ్రటి డీఎన్ఏ ఉండడంలోని సుఖం ఇదే. మనది గుమ్మం లేని గది.

ఈ సంగతిని ముందుగా ఊహించినవారు మాస్కోలోని అలెక్సీ ఒలోవ్నికోవ్. హేఫ్లిక్ ఫలితాల మీద ఒక ఉపన్యాసం విని ఇంటికి వెళుతూ, మెట్రో స్టేషనులో నిలబడి ఆలోచించారట. రైలు పట్టా డీఎన్ఏ అనుకుంటే, రైలు నకలు తీసే ఎంజైమ్ అనుకుంటే, రైలు ముందు కొసకూ మొదటి తలుపుకూ మధ్య ఉన్న కాస్త మేర ఎప్పుడూ నకలుకు అందదు. చిక్కడపల్లి మెట్రోలో వచ్చినవారు వెళ్ళేటప్పుడు ఒకసారి గమనించండి. ఆయన దీన్ని 1971లో రష్యన్ భాషలో ప్రచురించారు. మరుసటి ఏడాదే జేమ్స్ వాట్సన్ అమెరికాలో విడిగా ఇదే చిక్కును రాశారు గానీ, దాన్ని ముసలితనంతో ముడిపెట్టినది ఒలోవ్నికోవే. తర్వాత వచ్చిన నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కకపోవడం నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది.

ప్రతి విభజనకూ కొస కాస్త అరిగిపోతే, మనం ఈ పాటికి లేకుండా పోవాలి. తల్లిదండ్రుల కొసలు అరిగి, వారి పిల్లలవి ఇంకా అరిగి, తరాలన్నీ ఎప్పుడో ఆగిపోవాలి. కాబట్టి ఎక్కడో ఎవరో కొసలను తిరిగి పొడిగిస్తున్నారు. ఆ జాడ మంచినీటి గుంటల్లో ఈదే టెట్రహైమీనా అనే ఏకకణ జీవిలో దొరికింది. దాని కణంలో చిన్న చిన్న క్రోమోజోములు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి కొసలూ వేలల్లో దొరుకుతాయి. 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ ఆ కొసల్లో టి-టి-జి-జి-జి-జి అనే ముక్క పదే పదే వస్తున్నదని చదివారు. జాక్ షోస్టాక్‌తో కలిసి బ్లాక్‌బర్న్ ఆ కొసలను ఈస్టు కణంలోని డీఎన్ఏకు తగిలిస్తే అక్కడ కూడా అవి రక్షణ ఇచ్చాయి. ఆ ఫలితం 1982లో వెలువడింది. ఒక జీవి ముడి మరో జీవిలో పనిచేసిందంటే ఆ ముడి ఎంత పాతదో ఊహించుకోండి.

బ్లాక్‌బర్న్ దగ్గర బర్క్‌లీలో కరోల్ గ్రైడర్ అనే 23 ఏళ్ళ పరిశోధక విద్యార్థిని చేరారు. టెట్రహైమీనా కణాల రసంలో ఒక కృత్రిమ టెలోమియర్ ముక్కనూ, రేడియోధార్మిక అక్షరాలనూ కలిపి, వచ్చినదాన్ని, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద పరిగెత్తించి, ఎక్స్‌రే ఫిల్ము పెట్టారు. 1984 క్రిస్మస్ రోజున ఆ ఫిల్మును బయటికి తీసి చూస్తే, దాని మీద ఆరేసి అక్షరాల ఎడంతో, పై నుంచి కింది దాకా నిచ్చెన మెట్లలా నల్లటి గీతలు. ఏదో ఎంజైమ్ ఆరు అక్షరాలు కలిపి, జరిగి, మళ్ళీ ఆరు కలుపుతోంది. దానికే టెలోమరేజ్ అని పేరు. తర్వాత తేలినదేమిటంటే, ఈ ఎంజైమ్ తన మూసను తనలోనే ఒక ఆర్ఎన్ఏ ముక్కగా మోసుకుని తిరుగుతుంది. మచిలీపట్నం అద్దకంవారు చెక్క అచ్చును బట్ట మీద వేసి, ఎత్తి, జరిపి, సరిగ్గా ముందు పువ్వు అంచుకు తాకేలా మళ్ళీ వేస్తారు చూశారా, దీని పనితనం అచ్చం అదే. 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్ ముగ్గురికీ వైద్య నోబెల్ వచ్చింది.

మనలో ఈ ఎంజైమ్ పిండదశలోనూ, బీజకణాలు తయారయ్యే చోటా చురుకుగా ఉంటుంది. ఎముక మజ్జలోని మూలకణాల్లోనూ, పనిలోకి దిగిన కొన్ని తెల్ల రక్తకణాల్లోనూ కొంత మేర ఉంటుంది. మిగతా శరీర కణాల్లో దాదాపుగా ఆపేసి ఉంటుంది. నేను పెంచిన ఫైబ్రోబ్లాస్టుల్లో అది లేదు, కాబట్టి విభజనకు 50 నుంచి 200 అక్షరాల చొప్పున అరుగుతూ వచ్చి, ముడి వేయడానికి చాలినంత కొస మిగలని నాడు, మరమ్మతు బృందానికి కొస కనిపించింది. అది ప్రమాద ఘంట మోగించింది, కణం విభజన ఆపేసింది. 1990లో హార్లీ, ఫుచర్, గ్రైడర్ ఈ అరుగుదలను ఫైబ్రోబ్లాస్టుల్లోనే కొలిచి చూపించారు. 1998లో ఆండ్రియా బాడ్నర్, ఆమె సహచరులు మామూలు మానవ కణాల్లో టెలోమరేజ్ జన్యువును పెడితే, అవి ఆగవలసిన చోట ఆగకుండా కనీసం 20 రెట్టింపులు అదనంగా దాటి పోయాయి. కారణం ఇదేనని అప్పటికి ఖాయమయింది.

ఈ మాట పత్రికల్లోకి ఎక్కిన నాటి నుంచే మాత్రల డబ్బాల వ్యాపారం మొదలయింది. ఎంజైమ్ ఆపేసి ఉంది, తిరిగి తెరిస్తే సరిపోతుంది కదా అని. ఇక్కడే ఆ రెండు ఫ్లాస్కులు మళ్ళీ చూడాలి. హీలా ఫ్లాస్కులో ఆగని విభజనకు కారణం, ఆ కణాల్లో టెలోమరేజ్ తెరిచి ఉండడం. 1994లో పరిశోధకులు మానవ క్యాన్సర్ గడ్డలను పరీక్షిస్తే నూటికి 85, 90 గడ్డల్లో టెలోమరేజ్ పనిచేస్తోంది, పక్కనున్న మామూలు కణజాలంలో లేదు. మిగతా గడ్డల్లో కొన్ని మరో అడ్డదారిన కొసలు పొడిగించుకుంటాయి. ఏదో ఒక దారి లేకుండా క్యాన్సర్ చాలాదూరం పోలేదు. శరీరంలో ఎక్కడో ఒక కణానికి పొరపాటు జరిగి అదుపు తప్పి విభజన చెందడం మొదలుపెడితే, నలభై యాభై విభజనల్లో దాని కొసలు అయిపోయి అది ఆగిపోతుంది. మనకు తెలియకుండా మన ఒంట్లో ఎన్ని పుట్టుమచ్చలు అలా పెరగడం మొదలుపెట్టి ఆగిపోయి ఉంటాయో. 2013లో పుట్టుమచ్చల్లాంటి కణాల నుంచే పుట్టే మెలనోమా క్యాన్సరులో, టెలోమరేజ్ జన్యువును తెరిచే మీట దగ్గరే ఒక్క అక్షరం మారిన సందర్భాలు విరివిగా బయటపడ్డాయి. నా అభిప్రాయంలో టెలోమరేజును ఆపి ఉంచడం శరీరం చేసిన లోపం కాదు, పెద్ద శరీరంతో చాలా ఏళ్ళు బతకవలసిన జంతువు పెట్టుకున్న కట్టడి. ముసలితనం ఆ కట్టడికి కడుతున్న శిస్తులో ఒక భాగం. ఆగిపోయిన కణాలు ఊరికే ఉండకుండా చుట్టూ వాపు కలిగించే పదార్థాలు వదులుతాయి, వయసు మీరినకొద్దీ అలాంటివి పోగుపడతాయి.

ఈ కట్టడి ఎంత ఇరుకైన దారి మీద నడుస్తుందో చెప్పడానికి రెండు రకాల కుటుంబాలున్నాయి. టెలోమరేజ్ సగమే పనిచేసే లోపం వంశంలో ఉన్నవారికి చిన్న వయసులోనే గోళ్ళు పాడవడం, నోట్లో తెల్ల మచ్చలు, ఎముక మజ్జ ఎండిపోవడం కనిపిస్తాయి. కొందరికి నడివయసులో ఊపిరితిత్తులు గట్టిపడతాయి. తాతకు ఊపిరితిత్తుల జబ్బుగా వచ్చినది మనవడికి చిన్నప్పుడే మజ్జ జబ్బుగా రావచ్చు, ఎందుకంటే కురచ కొసలు కూడా వారసత్వంగా వస్తాయి. దీనికి తలకిందులుగా, షెల్టరిన్ కూటమిలోని పాట్‌-1 అనే ప్రోటీను లోపంతో మామూలుకంటే పొడవైన కొసలున్న కుటుంబాలను గురించి 2023లో ప్రచురించారు. వారికి పొడవైన ఆయుష్షు రాలేదు, రకరకాల గడ్డలు, రక్తకణాల్లో ఒకే మూలం నుంచి వచ్చిన సంతతి పెరిగిపోవడం ఎక్కువగా కనిపించాయి. వైద్యం కూడా రెండో వైపు నుంచే వచ్చింది. 2024లో అమెరికాలో రక్తహీనత కలిగించే ఒక మజ్జ వ్యాధికి ఇమెటెల్‌స్టాట్ అనే మందును ఆమోదించారు. అది టెలోమరేజును తెరిచే మందు కాదు, మూసే మందు.

ఎలుకల ప్రయోగాలు చూపించి ఆశ పెట్టేవారు ఒకటి చెప్పరు. ప్రయోగశాల ఎలుక కొసలు మనకంటే కొన్ని రెట్లు పొడవు, దాని కణాల్లో టెలోమరేజ్ కూడా ధారాళం. అది బతికేది రెండు మూడేళ్ళు. 2010లో ముసలి ఎలుకలను తిరిగి కుర్రవి చేశారని వచ్చిన వార్తలోని ఎలుకలు, ముందుగా టెలోమరేజ్ పోగొట్టి జబ్బుపాలు చేసినవి. తీసినదాన్ని తిరిగి ఇస్తే తేరుకున్నాయి, అంతే.

ఇక ఆ రిపోర్టు. తెల్ల రక్తకణాల కొసల సగటు పొడవు కొలిచి, అదే వయసువారి సగటుతో పోల్చి ఇచ్చే అంకె అది. ఒకే వయసు ఉన్న ఆరోగ్యవంతుల్లోనే ఈ పొడవు వేల అక్షరాల తేడాతో ఉంటుంది, అందులో చాలా భాగం పుట్టుకతో వచ్చేదే. రక్తంలో ఆ రోజు ఏ రకం తెల్లకణాలు ఎక్కువగా తిరుగుతున్నాయన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. 2004లో, జబ్బుపడిన పిల్లలను ఏళ్ళ తరబడి చూసుకుంటున్న తల్లుల్లో ఒత్తిడి ఎక్కువ ఉన్నవారి కొసలు పొట్టిగా ఉన్నాయని బ్లాక్‌బర్న్, ఎలిసా ఎపెల్ తదితరులు చూపించిన మాట నిజం. ఆ తేడా గుంపుల మధ్య తేడా, ఒక మనిషి చేతిలో పెట్టి వయసు చెప్పే తేడా కాదు. వ్యోమగామి స్కాట్ కెల్లీ 2015, 2016 మధ్య 340 రోజులు అంతరిక్షంలో ఉన్నప్పుడు ఆయన తెల్లకణాల కొసలు పొడవయ్యాయి, దిగివచ్చిన రెండు రోజుల్లోనే మళ్ళీ తగ్గాయి. పైన ఆయన కుర్రవాడయ్యారనీ, దిగి ముసలివాడయ్యారనీ ఎవరూ అనుకోలేదు. ఈ కొలత నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఎముక మజ్జ ఎందుకు ఎండిపోతోందో తెలియని యువకుడికి, ఊపిరితిత్తులు గట్టిపడిన వంశంవారికి ఆసుపత్రిలో జాగ్రత్తగా చేసే పరీక్ష అది. మజ్జ మార్పిడికి తమ్ముడి మజ్జ తీసుకోవచ్చా, అతనిలోనూ అదే లోపం దాగి ఉందా అని అక్కడ తేలాలి.

మా పక్కింటి పెద్దమనిషికి ఇదంతా చెప్పడానికి నేను సమయం చూసుకునేలోగా, ఆయన ఇంకో చోట మళ్ళీ పరీక్ష చేయించుకున్నారు. మాత్రలు కొనలేదు, ఆహారం మార్చలేదు, వేసవి కావడంతో పొద్దుటి నడక కూడా మానేశారు. ఈసారి కణాల వయసు 58 అని వచ్చింది. ఆ సాయంత్రం మిఠాయి డబ్బాతో వచ్చి, "మాస్టారూ, పదిహేనేళ్ళు వెనక్కి వచ్చాయి" అన్నారు. మొదటి రిపోర్టు ఏం చేశారని అడిగాను. రెండూ ఒకే ఫైలులో పెట్టుకున్నారట, 73ది కింద, 58ది పైన.